మీ అన్న ముచ్చట

మొదటి రోజు

నా భార్య ఆఖరి రోజు ఇలా గడిచింది.

మేఘన ఉదయం ఆరింటికి లేచింది. గంజి సగం తాగింది. పదింటికి నర్సు కీర్తన వచ్చింది. గుండె చప్పుడు విని, సూది వేసి వెళ్లింది. నేను సెలవు పెట్టలేదు. రెండింటికి వెళ్లి మూడో అంతస్తు గాలి మీటర్లు చూసి నాలుగింటికి తిరిగొచ్చాను. అన్నీ సరిగానే ఉన్నాయి. ఐదింటికి మేఘన తన ఫోన్ అడిగింది. దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. ఆడబిడ్డకు మెసేజ్ రాసింది. వేళ్లు వణకడం వల్ల ఎనిమిది నిమిషాలు పట్టింది. రాసినంతసేపూ తనలో తాను నవ్వుకుంది. ఏం రాశావని అడిగితే, "నీకెందుకు, ఆడోళ్ల ముచ్చట" అంది.

ఆరూ ఇరవైకి ఊపిరి ఆగింది.

ఆడబిడ్డ అంటే నా చెల్లెలు కాదు. నాకు తోబుట్టువులు లేరు. ఆరోగ్య కార్యాలయం మేఘనకు వరస కలిపిన ఎవరో ఒకామె. పేరు మాకు తెలియదు. మా పేర్లు ఆమెకు తెలియవు.

గాలి పుస్తకం, అంటే నేల కింద ఈ అంతస్తులకు అందే గాలి లెక్క, రాయడం నా ఉద్యోగం. ఈ నోటుబుక్కు వేరు. రోజూ ఏదో ఒకటి రాయకపోతే చేయి ఊరుకోదు.

మూడో రోజు

కీర్తన ఫోన్ కోసం వచ్చింది.

"సార్, మేడం ఫోను కార్యాలయంల అప్పజెప్పాలె."

"ఆ ఆడబిడ్డకు ఇక ఎవరు రాస్తారు?"

"కొత్త వరస కలపాలె. మూడు వారాలన్న పడ్తది. వయసు చూడాలె, జబ్బు చూడాలె, నోరు చూడాలె."

"నోరా?"

"నోరున్నోళ్లనే పెడ్తం సార్. మునుపు మిషన్లు రాసేటివి. 'దయచేసి పది నిమిషాలు నడవండి' అని. జనం ఫోను దిండు కింద పెట్టి పండుకునేది. అదే వదినె ఒక్క మాటంటే మంచం దిగుతరు. పౌరుషం సార్. మందుల కంటే అది మంచిగ పనిచేస్తది."

ఆ ఆడబిడ్డకు ఊపిరితిత్తుల జబ్బట. నిరుడు అరవై మీటర్లు నడిస్తే గొప్ప. మేఘన పదకొండు నెలలు ఎకసెక్కాలు ఆడి, దాన్ని నాలుగు వందల మీటర్లకు తెచ్చింది. అది చాలదు. ఇంకో ఇరవై ఒక్క రోజుల్లో పైకి నడక. మూడో అంతస్తులో ఉండేవాళ్లంతా ఏడాదికొకసారి బయటి గేటుదాకా ఉన్న ఏడు వందల మీటర్ల వాలును నలభై నిమిషాల్లో తమ కాళ్ల మీద ఎక్కి చూపించాలి.

"ఎక్కలేకపోతే?"

"పైన గేటు దగ్గరి మొదటి అంతస్తుల మంచాల వార్డే. గది ఖాళీ చేపిస్తరు. పొగ లేచినా, నీళ్లు చొచ్చినా లిఫ్టు ఆగుతది గదా సార్. ఆడికి పోయినోళ్లు మల్ల కిందికి వచ్చింది లేదు. ఆమె ముప్పై ఏండ్లసంది ఆ గదిలనే ఉన్నది. పుట్టగొడుగులు పెంచుకుంటది. వార్డుల ఏముంటది? మంచం ఉంటది."

మూడు వారాల్లో కొత్త వదినె వస్తుంది. అప్పటికి నడక అయిపోతుంది.

ఫోన్ ఎక్కడ పెట్టామో కనిపించడం లేదని చెప్పాను. ఫోన్ నా చొక్కా జేబులో ఉంది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక్క తప్పుడు రీడింగ్ రాయలేదు.

కీర్తన నా జేబు వైపు చూసింది. "దొరికినంకనే ఇవ్వుండ్రి సార్, తొందరేం లేదు" అంది.

నాలుగో రోజు

ఫోన్‌లో ఆడబిడ్డ మెసేజ్ ఉంది. "వదినె, మూడు దినాలాయె. తిట్లు రాలే. నేను నడువలే."

మేఘన రాస్తున్నట్టే జవాబు రాశాను. "ఆడబిడ్డా, మోకాళ్లు నొప్పిగుంటే ఇయ్యాల ఆగు. రేపు మెల్లగ నడువు."

వెంటనే తిరుగు మెసేజ్ వచ్చింది. "వదినె, పాణం మంచిగున్నదా? నువ్వు నన్ను ఆగుమన్నవంటే నాకు పోయే గడియ దగ్గరికొచ్చిందా ఏంది?"

ఆమె ఈరోజు కూడా నడవలేదు.

ఐదో రోజు

మేఘన ఎలా రాసేదో చూద్దామని పాత మెసేజులు తెరిచాను. ఆడవాళ్ల ముచ్చట అంది కాబట్టి ఇన్ని రోజులూ చూడలేదు.

మొత్తం మూడు వందల ఇరవై ఆరు. అందులో రెండు వందల తొంభై ఒకటి నా గురించి.

"మీ అన్న ముచ్చట ఇన్నవా? పొద్దుగాల లేచిండు, పాలగిన్నె మాడవెట్టిండు, అలిసిపోయి మల్ల పండుకున్నడు. మీ ఇంటోళ్లకు పండుకునుడు ఒక్కటే వచ్చు. లే, యాభై అడుగులెయ్యి."

"మీ అన్న నా పుట్టినరోజుకు ఏం తెచ్చిండో చెప్పు చూద్దాం. థర్మామీటర్. నువ్వు నడువకుంటే నీక్కూడ పంపిస్త."

"నూరు మీటర్లకే ఆయాసమా? మీ వంశమే గంత. మీ అన్నకు పెండ్లిల ఏడడుగులకే చెమటలు వట్టినయ్."

"మీ అన్న మస్తు మాట్లాడుతుండని సంబురపడ్డ. తీరా జూస్తే మీటర్ల రీడింగులు చదువుతుండు."

వదినె ఆడబిడ్డను ఏమన్నా అనొచ్చు. పుట్టింటిని అనొచ్చు, పుట్టినవాళ్లను అనొచ్చు. ఆ హక్కు వరసలోనే ఉంది. ఆడబిడ్డ పుట్టింటివాడిని నేనొక్కడినే కాబట్టి ప్రతి రాయీ నాకే తగిలింది. పదకొండు నెలలు పక్క మంచం మీద కూర్చుని మేఘన చేసిన పని ఇది. నేను చాయ్ ఇస్తే ఎంతో ప్రేమగా అందుకునేది. తర్వాత ఆ చాయ్ గురించి రాసేది. "గడ్డకట్టిన బురద, మీ అన్న చేతి మహిమ."

ఆఖరి రోజు రాసింది కూడా చదివాను.

"ఆడబిడ్డా, ఇయ్యాల మీ అన్న నన్ను కూసోబెట్టిండు. నాలుగు దిండ్లు పెట్టి, ఒక కన్ను మూసి వంకర ఉన్నదేమో చూసిండు. నన్ను పెండ్లామనుకున్నడో, పంపు అనుకున్నడో. గింత కష్టం మీద నేనే లేచి కూసున్న. నువ్వు ఇంక లేవలేదా? లే."

నిజమే. ఒక కన్ను మూసి చూశాను.

ఆరో రోజు

పద్ధతి తెలిసింది. నన్ను నేనే తిట్టుకోవాలి. వంక వెతుక్కోనక్కర్లేదు, కావలసినన్ని ఉన్నాయి.

"మీ అన్న ఇయ్యాల కూర వండిండు. మూడు చెంచాల ఉప్పుకు ఒకటిన్నరే ఏసిండు. యాభై శాతం తక్కువ. నువ్వు రెండు వందల మీటర్లన్న నడువు, సగం సగం పనులు మీ ఇంటికే సెల్లు."

"నడిచిన వదినె. రెండు వందల నలభై. నీ నోరు పడిపోను. గీ శాతాలేందే, అన్న ఊపిరి నీకు సోకిందా?"

ఈరోజు చాలా రోజుల తర్వాత కూర తిన్నాను. ఉప్పు తక్కువే.

ఎనిమిదో రోజు

మూడు వందల ఎనభై మీటర్లు నడిచింది. ముందు రోజు నేను చొక్కా గుండీలు సగమే పెట్టుకుని డ్యూటీకి వెళ్లిన సంగతి రాశాను.

తొమ్మిదో రోజు

ఈరోజు ఏ పొరపాటూ జరగలేదు. సమయానికి లేచాను. చాయ్ పొంగలేదు. మీటర్లు సరిగా ఉన్నాయి. చెడ్డ రోజు.

సాయంత్రం మెసేజ్‌కు సరుకు లేదు. ఎదురుచూసి లాభం లేదని రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాను. మా గదుల ముందున్న గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచాను. ఎవరూ చూడలేదు. ఫ్యాన్ల దగ్గర పనిచేసే తరుణ్ ఒక్కడే చూశాడు. "ఏంది సార్, కొత్త రూలా?" అని అడిగాడు. అవునన్నాను.

అదే రాశాను. ఆమె నమ్మలేదు. "ఉత్తుత్త ముచ్చట చెప్తున్నవ్ వదినె. అన్న గట్ల చేసే రకం కాదు. పాపం, చెప్పులు మంచిగనే ఏసుకుంటడు, దారే మర్సిపోతడు."

కావాలని చేస్తే పొరపాటు కాదని ఆమెకు తెలిసింది. నాకు తెలియలేదు. అయినా నాలుగు వందల పది నడిచింది.

పదకొండో రోజు

దినాలు. జనం వచ్చారు, తిన్నారు, వెళ్లారు. సాయంత్రం మెసేజ్: "మీ అన్న ఇయ్యాల ఇరవై మందికి అన్నం పెట్టిండు, తాను తినుడు మర్సిపోయిండు."

నాలుగు వందల అరవై మీటర్లు.

పన్నెండో రోజు

మేఘన పెట్టె సర్దాను. సాయంత్రం మామూలుగానే రాశాను.

"మీ అన్న నా చీరలన్నీ బయటికి తీసి మల్ల మడతవెట్టిండు. పదహారు చీరలు. ఒక్కదానికన్న అంచుకు అంచు కలువలేదు. నీకు కాళ్లు రావు, ఆయనకు చేతులు రావు."

చాలాసేపటికి జవాబు వచ్చింది. "అన్ని చీరలు ఎందుకు మడతవెట్టిండు వదినె?"

ఫోన్ జేబులో పెట్టుకుని పెట్టెకు తాళం వేశాను. జవాబు రాయలేదు.

పదమూడో రోజు

ఫోన్ మోగలేదు.

పద్నాలుగో రోజు

ఉదయం వచ్చింది.

"అన్నా. ఎప్పుడు?"

నన్ను అన్నా అని పిలిచిన మొదటి మనిషి ఈమె. నాకు అరవై నాలుగేళ్లు.

"ఇవాళ్టికి పద్నాలుగో రోజు" అని రాశాను.

గంట తర్వాత జవాబు. "నాకు మైల. పదకొండు దినాలు గడప దాటను. నువ్వు తిన్నవా?"

నడకకు పది రోజులే ఉన్నాయి. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే, నాతోపాటే మైల పట్టి నాతోపాటే లేచేది. దాచింది ఆమె మంచికేననుకున్నాను. ఇప్పుడామె నేను దాచిన రోజులన్నీ కూర్చోబోతోంది.

పదిహేనో రోజు

నాకు చేతనైనంత వాదించాను. అది కార్యాలయం కలిపిన వరస, రక్త సంబంధం కాదు, దానికి మైల పట్టనక్కర్లేదు అన్నాను. నడక ఆగితే ఊపిరితిత్తులు వారంలో పాత స్థితికి వస్తాయన్నాను. గది పోతుందన్నాను.

జవాబు ఒకటే. "పదకొండు నెలలు తిట్టించుకున్న. పదకొండు దినాలు కూసోలేనా?"

తర్వాత ఇంకోటి. "నా పేరు హన్సిక అన్నా. వదినె పేరేంది?"

చెప్పాను.

పదిహేడో రోజు

కీర్తన వచ్చింది. ఫోన్ బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను.

"ఫోను దొరికిందన్నట్టు" అంది.

"మొదటి రోజు నుంచీ జేబులోనే ఉంది."

"తెలుసు సార్. మీ చొక్క జేబుల ఫోను ఎలుగు కనవడ్డది ఆనాడు." కూర్చుని నా మెసేజులు చదివింది. ఒకచోట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "యాభై శాతం తక్కువనా? ఇట్ల రాస్తే ఎవలు వదినె అనుకుంటరు సార్ మిమ్ములను?"

"నడిచింది కదా."

"నడిచింది." నవ్వు ఆపింది. "మా ఫారంల మైలకు గడి లేదు సార్. ఇగో, మా అమ్మమ్మ చెప్పేది. పది దినాలు దాటినంక చావు కబురు తెలిస్తే మైల మూడు దినాలే. గట్ల రాసి చూడుండ్రి."

అలాగే రాశాను. "ఎవలు చెప్పిన్రు?" అని అడిగింది హన్సిక. నర్సు అమ్మమ్మ అన్నాను. "ఆమె నాకేమైతది?" అంది.

హన్సికకు నేనేమవుతానో అప్పుడే గుర్తొచ్చింది.

పంతొమ్మిదో రోజు

నిన్నంతా ఆలోచించాను. వదినెలా రాయడం నాకు ఎలాగూ కుదరలేదు. అన్నగా రాశాను. "చెల్లె, ఇక లే. నేను చెబుతున్నా."

"రాస్తే గాదు అన్నా. మైల నుంచి లేపెటోడు నోటితోని లేపాలె."

మాట్లాడుకోకూడదని నియమం. వరస కలిపినవాళ్ల మధ్య మెసేజులే నడవాలి. మాట కలిస్తే మొహమాటం వస్తుంది, మొహమాటం వస్తే తిట్టలేరు అంటారు. నేను ఫోన్ చేశాను.

గొంతు బొంగురుగా ఉంది. మాటకు మాటకు మధ్య గాలి పీల్చుకుంటోంది.

"అన్నా."

"లే, చెల్లె."

"అన్నం తింటున్నవా?"

"తింటున్నాను."

"ఉప్పు?"

"సరిపోతోంది."

"అబద్ధం" అంది. తర్వాత మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. "లేచిన. స్నానం చేసి బయటికి పోత."

ఇరవయ్యో రోజు

రెండు వందల అరవై మీటర్లు.

ఇరవై మూడో రోజు

నాలుగు వందల డెబ్బై. ఏడు వందలు కావాలి. రేపే నడక.

ఈ మూడు రోజులూ నేను ఏమీ అనలేదు. అన్నకు వెక్కిరించే హక్కు లేదు. అన్న ఒక్క మాటంటే చెల్లెలు ఏడుస్తుంది, నడవదు. జాగ్రత్త అని రాస్తున్నాను. నీళ్లు తాగు అని రాస్తున్నాను. పాత మిషన్లు రాసినట్టే ఉంది. వాటికి నా మీద కోపం ఉండదనుకుంటాను.

ఇరవై నాలుగో రోజు

ఐదు వందల అరవై మీటర్ల దగ్గర నలభై నిమిషాలు అయిపోయాయి.

నేను డ్యూటీలో ఉన్నాను. తరుణ్ వచ్చి గోడ మీద అంటించిన పట్టిక సంగతి చెప్పాడు. మూడో అంతస్తులో తప్పినవాళ్లు ఆరుగురు. అందులో ఒకరు హన్సిక.

కీర్తనను అడిగి నడక కాగితం తీసుకుని చూశాను. హన్సిక రెండుసార్లు కూర్చుంది. మొదటిసారి నాలుగు నిమిషాలు, రెండోసారి ఏడు. మిగతా ఇరవై తొమ్మిది నిమిషాలు నడిచింది. ఆ లెక్కన ఏడు వందలకు ముప్పై ఆరుంబావు నిమిషాలు చాలు. కాళ్లు సరిపోతాయి. ఊపిరీ సరిపోతుంది. కూర్చున్నదే ఎక్కువైంది. ఆ పదకొండు నిమిషాలు మూడు అయితే గది నిలుస్తుంది.

నేను దాచిన రోజులు ఏ అంకెలో ఉన్నాయో వెతికాను. అన్నింట్లోనూ ఉన్నాయి.

సాయంత్రం హన్సిక మెసేజ్: "ఒక్కదాన్నే కూసుంటే లేవబుద్ధి కాలే అన్నా. లే అనెటోళ్లు లేరు."

ఇరవై ఐదో రోజు

తప్పినవాళ్లకు ఇంకో అవకాశం ఉంది, రేపే. ఈసారి తనవాళ్లు ఒకరు పక్కన నడవొచ్చు. ప్రమాదం వస్తే ఎవరూ ఒంటరిగా పరిగెత్తరు, ఇంటివాళ్లతోనే పరిగెత్తుతారు అని ఆ నియమం. చేయి పట్టకూడదు, మోయకూడదు, మాట్లాడొచ్చు. హన్సిక భర్త పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఫారంలో తోడు వచ్చే బంధువు పేరు రాయమంటే నా పేరు రాసింది. కీర్తన మధ్యాహ్నం ఆ ఫారం పట్టుకుని మా గదికి వచ్చింది.

"అన్న అని రాసింది సార్. మా పెద్ద సారు ఒప్పుకోలే. గది కార్యాలయం కలిపిన వరసనే గదా, బంధువు ఎట్లయితడు అన్నడు."

"ఏమంది?"

"ఏమంటది! బల్ల మీద చేతులు పెట్టి నిలవడ్డది. 'మీరే కలిపిన్రు. నా వదినె సచ్చిపోతే మైల పట్టిన. కలిపినంక విడగొట్టుడు మీ చేతుల లేదు. కావాలంటే మీ రిజిస్టర్ తీయుండ్రి' అన్నది. తీసిన్రు. మేడం పేరు కింద ఆడబిడ్డ అని ఉన్నది, కార్యాలయం ముద్ర తోని. ఆడబిడ్డ అంటే భర్త చెల్లెలే గదా సార్. పెద్ద సారు శానాసేపు ముద్ర దిక్కు చూసి సంతకం పెట్టిండు." ఫారం నా ముందు పెట్టింది. "మీరు గూడ పెట్టాలె. ఆమె మల్లొక మాట చెప్పుమన్నది."

"ఏమిటి?"

"'అన్న వచ్చుడు మంచిదే గని, జాగ్రత్తని మెల్లగని అంటె మాత్రం నేను ఆడనే కూసుంట' అన్నది."

సంతకం పెట్టాను. నాకు హన్సికను వెక్కిరించే వరస లేదు. అయితే నన్ను నేను వెక్కిరించుకోవడానికి ఏ వరసా అక్కర్లేదు. ఈమధ్య చేస్తున్నది అదే. కాకపోతే ఇన్నాళ్లూ మేఘన పేరు పెట్టి చేశాను.

మేఘన మెసేజులు మళ్లీ మొదటి నుంచి వెతికాను. మూడు వందల ఇరవై ఆరింట్లోనూ నా పెళ్లిచూపుల సంగతి లేదు. అది చెబితే హన్సిక వాలు పరుగున ఎక్కేది. ఎందుకు రాయలేదో తెలియదు. తన కోసం అట్టిపెట్టుకుందేమో.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిది. ఈ గ్యాలరీల్లో తలుపులన్నీ ఒకేలా ఉంటాయి. నేను మేఘన వాళ్ల నాలుగో గ్యాలరీకి వెళ్లబోయి ఐదో గ్యాలరీలో కూర్చున్నాను. వాళ్లు ఎవరో, నేను ఎవరో. వాళ్లు కూడా ఆరోజు పెళ్లికొడుకు కోసమే ఎదురుచూస్తున్నారు. ఉప్మా పెట్టారు, తిన్నాను. పిల్లను చూపించారు, నచ్చిందన్నాను. ముహూర్తం దాకా వచ్చింది.

రేపు ఉదయం ఐదున్నరకు హన్సిక తలుపు కొడతాను. వాలు మొదట్లో ఉప్మా దగ్గర మొదలుపెడతాను. ఆమె నడుస్తున్నంతసేపూ చెబుతాను, కూర్చుంటే ఆపేస్తాను. ఆ ఇంట్లోంచి మేఘన ఇంటికి ఎలా చేరానన్నది మాత్రం బయటి గేటు దాటాకే చెబుతాను.